ఆటోక్లేవ్ కన్నా ముందు నల్లా సంగతి చూడండి

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు దవాఖానల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ హోమ్‌లు నడుపుతున్న డాక్టర్లకు,

నమస్కారం.

నేను 31 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లలో పనిచేసిన నర్సును. మొదటి పోస్టింగ్ అచ్చంపేట వైపు, ఆఖరిది నల్లగొండలో. రిటైరై నాలుగేళ్లు దాటింది. మీలో కొందరు హౌస్‌సర్జన్లుగా ఉన్నప్పుడు వెనుక నిలబడి గౌను కట్టింది నేనే, గ్లోవ్స్ మీద చెయ్యి తగలకుండా ఎట్లా తొడుక్కోవాలో చూపించింది నేనే. ఆపరేషన్ పనిముట్లను ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే మిషన్‌లో, పెట్టకముందు సరిగ్గా కడగాలని ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నలుగురి ముందు ఎందుకు రాస్తున్నానంటే, ఒక్కొక్కరికి విడిగా చెప్పి చూశాను. "చూద్దాం సిస్టర్" అన్నారు. అక్కడితో అయిపోయింది.

పోయిన ఎండాకాలంలో మా చెల్లె బిడ్డకు కాన్పు అయింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్ చేశారు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారనుకున్నాం. ఏడో రోజు కుట్ల దగ్గర ఎర్రబడింది, ఎనిమిదో రోజు చీము కారింది. రెండు కుట్లు విప్పి రోజూ డ్రెస్సింగ్ చేయాల్సి వచ్చింది. నేను పక్కనే కూర్చునేదాన్ని. డ్రెస్సింగ్ చేసే అమ్మాయికి ఇరవై దాటి ఉండవు. చెయ్యి నెమ్మదిగా ఉంది, పిల్లతో ప్రేమగా మాట్లాడుతోంది. ట్రే మీది గుడ్డ తీసి, కత్తెరలా ఉండి రక్తనాళాలను పట్టే ఆర్టరీ ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకుంది. ఎన్నేళ్ల అలవాటో, నా కళ్లు తిన్నగా దాని కీలు మీదికే పోయాయి. "ఒక్కసారి ఇటివ్వమ్మా" అని తీసుకుని, పూర్తిగా తెరిచి, కీలు మధ్యలో తడి గాజుగుడ్డతో రుద్దాను. తెల్లటి గుడ్డ మీద ఇటుకరంగు గీత పడింది. మళ్లీ రుద్దాను, మళ్లీ పడింది. తుప్పు గరుకుగా చేతికి తెలుస్తుంది, ఇంత తేలిగ్గా ఊడి రాదు. అది అంతకుముందు ఎవరిదో ఎండిపోయిన రక్తం.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఆటోక్లేవ్ పెట్టిందే మేడమ్, టేపు కూడా మారింది చూడండి" అంది. చూశాను. ప్యాకుకు అంటించే, వేడికి రంగు మారే ఆ టేపు మీద చారలు నిజంగానే నల్లగా మారి ఉన్నాయి. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. మిషన్ తిరిగింది, ఆవిరి వచ్చింది. దానికి ముందు జరగాల్సిన పనే జరగలేదు.

మా పిల్లకు చీము పట్టింది ఆ ఫోర్సెప్స్ వల్లనే అని నేను అనను. చీము పట్టడానికి వంద దారులుంటాయి, ఏ దారిన వచ్చిందో నేను రుజువు చేయలేను. ఆ ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయడానికి కూడా ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ గీత నేను అంతకుముందు కూడా చూశాను. సర్కారు దవాఖానల్లో చూశాను, ప్రైవేటులో చూశాను, నేను డ్యూటీలో ఉన్న థియేటర్లోనూ చూశాను. అందుకే రాస్తున్నాను.

పాలు అడుగంటిన గిన్నెను తోమకుండా మళ్లీ పొయ్యి మీద పెడితే ఏమవుతుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. మాడు ఇంకా గట్టిపడుతుంది. రక్తం కూడా అంతే. వేడి తగిలితే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి ఇనుముకు అతుక్కుపోతాయి. ఆ పొర కింద దాక్కున్న క్రిముల దాకా ఆవిరి అందదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అందుకే పనిముట్టు శుద్ధిలో సగానికి పైగా పని నల్లా కింద జరగాలి. మిగతాదే ఆటోక్లేవ్‌ది. మనం మాత్రం మిషన్‌కు లక్షలు పెడతాం. కడిగే తొట్టి దగ్గర మాత్రం అరిగిపోయిన బ్రష్షు ఒకటి పడి ఉంటుంది.

ఈ పని నాకు నేర్పింది నర్సింగ్ స్కూలు కాదు. అచ్చంపేట రోజుల్లో మా థియేటర్లో ఒక ఆయమ్మ ఉండేది. సంతకం రాదు, వేలిముద్ర వేసి జీతం తీసుకునేది. ఆపరేషన్ అయిందంటే చాలు, రక్తం ఆరకముందే పనిముట్లన్నీ నీళ్ల బకెట్‌లో పడాలి ఆమెకు. "ఎండినంక తోమితే నా రెక్కలు పోతయి, పని కాదు సిస్టరమ్మా" అనేది. ప్రతి కత్తెరనూ, ఫోర్సెప్స్‌నూ తెరిచి, నీళ్ల లోపలే ముంచి బ్రష్షుతో రుద్దేది. పైకి తీసి రుద్దితే తుంపర్లు కళ్లల్లో, నోట్లో పడతాయని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. పుస్తకాల్లో కూడా అదే రాసి ఉందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. కడగడం అయ్యాక ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పైకెత్తి పట్టుకుని పళ్ల సందులు చూసేది. "మనిషి పండ్లు తోముకోకుంటే నోరు కంపు కొట్టదా? దీనికి గూడ పండ్లున్నయి" అని నవ్వేది. ఆమె ఉన్నన్ని రోజులు ఆ థియేటర్లో నాకు టెన్షన్ అనేది లేదు.

తర్వాత నేను పనిచేసిన చోట్ల ఇంకో అలవాటు కనపడింది. ఆపరేషన్ అవగానే పనిముట్లన్నీ బ్లీచింగ్ నీళ్లలో వేసి, మధ్యాహ్నం దాకా వదిలేసేవాళ్లు. మందులో నానితే శుభ్రమైనట్టే అని నమ్మకం. బ్లీచింగ్, అంటే హైపోక్లోరైట్, స్టీలును తినేస్తుంది. సెలైన్‌లో వదిలేసినా అంతే. కంటికి కనపడనంత చిన్న గుంతలు పడతాయి, ఆ గుంతల్లో మళ్లీ రక్తం ఇరుక్కుంటుంది. కడగకముందు ఇట్లా క్రిమిసంహారక మందులో నానబెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఎంజైమ్ డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బ్రష్షుతో రుద్ది, మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. బ్లీచింగ్‌ను నేల మీద పడ్డ రక్తానికి వాడుకోండి.

మంచి నీళ్లు అన్నాను గనక మన నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నీళ్ల కోసం ఇంత గోస పడ్డ జిల్లా దేశంలో ఎన్ని ఉంటాయి? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు, నడుములు నేను వార్డుల్లో చూస్తూనే పెద్దదాన్నయ్యాను. పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు. భగీరథ నల్లాలు వచ్చాక తాగేనీళ్ల బాధ చాలా తగ్గింది. ఆసుపత్రి ట్యాంకుల్లో మాత్రం ఇప్పటికీ బోరు నీళ్లు కలుస్తూనే ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, డిటర్జెంట్ సరిగా పనిచేయదు. ఆటోక్లేవ్‌లో పోస్తే హీటర్ కాయిల్ మీద సున్నంలాంటి తెల్ల పెచ్చు కడుతుంది. స్నానానికి నీళ్లు కాచే మన ఇంటి బిందెల అడుగున కట్టే పెచ్చే అది. పెచ్చు మందమైన కొద్దీ ఆవిరి రావడానికి టైమ్ పడుతుంది, వాల్వులు మూసుకుపోతాయి, పనిముట్ల మీద తెల్ల మచ్చలు పడతాయి. మరిగిస్తే నీళ్లు బాగవుతాయని కొందరు అనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఉప్పు, ఫ్లోరైడ్ పోవు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. హైదరాబాద్‌లో తయారైన రూల్సు పుస్తకంలో ఈ సంగతి ఉండకపోవచ్చు. మన జిల్లాల్లో ఆటోక్లేవ్‌కు, చివరిసారి కడగడానికి ఆర్‌ఓ నీళ్లో డిస్టిల్డ్ వాటరో తప్పనిసరి. పేషెంట్లకు తాగడానికి ఆర్‌ఓ పెట్టించారు, సంతోషం. అందులోంచే ఒక పైపు కడిగే గదికి వేయించండి.

ఆవిరి సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా రోజూ జరిగే పొరపాట్లు మీ కళ్లతో చూసి ఎన్నేళ్లయిందో అన్న అనుమానంతో చెబుతున్నాను. 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త చాంబర్లాండ్ ఆటోక్లేవ్ చేసింది మన ఇంటి కుక్కర్ సూత్రం మీదనే. ఒత్తిడి పెరిగితే ఆవిరి వేడి పెరుగుతుంది. 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీలు వస్తుంది. అందులో కనీసం 15 నిమిషాలు, గుడ్డలో చుట్టిన ప్యాకులైతే 30 నిమిషాలు ఉండాలి. వాక్యూమ్ ఉన్న పెద్ద మిషన్లలో 134 డిగ్రీల దగ్గర 3, 4 నిమిషాలు చాలు. ఇదంతా ఆవిరి ప్రతి మూలకూ తగిలినప్పటి లెక్క. డ్రమ్ములో, అంటే పక్కల రంధ్రాలున్న స్టీలు డబ్బాలో, గాజుగుడ్డలు కుక్కి కుక్కి నింపితే లోపల గాలి ఇరుక్కుంటుంది, గాలి ఉన్నచోటికి ఆవిరి పోదు. డ్రమ్ము పక్కల రంధ్రాలు తెరవకుండానే మిషన్‌లో పెట్టడం ఎన్నిసార్లు చూశానో! బయట టేపు నల్లబడుతుంది, లోపల గుడ్డ చల్లగా ఉంటుంది. తీసేటప్పుడు రంధ్రాలు మూయడం మరిచిపోవడం కూడా అంతే తరచుగా జరుగుతుంది. ప్యాకు తడిగా బయటికి వస్తే అది పనికిరాదు, తడి గుడ్డ గుండా క్రిములు లోపలికి పోతాయి. ఫ్యాన్ కింద ఆరబెట్టి వాడేయడం మన దగ్గర మామూలైపోయింది.

టేపు చెప్పేది ఒక్కటే, ప్యాకు బయట వేడి తగిలిందని. లోపల ఏం జరిగిందో తెలియాలంటే ప్యాకు నడుమ, ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే ఇండికేటర్ స్ట్రిప్ పెట్టాలి. అది కొన్ని రూపాయల పని. అసలు మిషన్ చంపగలుగుతోందా లేదా అన్నది వారానికి ఒకసారి స్పోర్ టెస్టుతో తేల్చాలి. జియోబాసిల్లస్ స్టెరోథెర్మోఫిలస్ అనే మొండి క్రిమి విత్తనాలున్న చిన్న సీసాను లోడు మధ్యలో పెట్టి, తీశాక ఇంక్యుబేటర్‌లో ఉంచి చూస్తారు. అదీ చచ్చిందంటే మిగతావి చచ్చినట్టే. మెడికల్ కాలేజీలున్న ఊళ్లల్లో మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటు పక్క బిల్డింగులోనే ఉంటుంది. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో, నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి 2022లో కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు ఉస్మానియాకో గాంధీకో పంపించిన కేసులు ఇప్పుడు ఇక్కడే చేస్తున్నాం, ఎంతో గర్వంగా ఉంది. ఆపరేషన్లు పెరిగినంతగా కడిగే గదిలో చేతులు పెరిగాయా అని ఒక్కసారి లెక్క చూడండి. చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల స్పోర్ టెస్టులు కూడా ఈ కాలేజీలే చేసిపెడితే ఎవరికీ భారం కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను నైట్ డ్యూటీలో ఉన్న ఒక రోజు రెండు కాన్పులు వెంటవెంటనే వచ్చాయి. మొదటి సిజేరియన్ సెట్టు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టాను. తొమ్మిది నిమిషాలకు కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి ఒత్తిడి పూర్తిగా దిగిపోయింది. మొదటి నుంచి పెట్టాలి, అది నాకు తెలుసు. టేబుల్ మీద తల్లి అరుస్తోంది, బిడ్డ గుండె తగ్గుతోంది, డాక్టరు గారు తలుపు దగ్గరికి వచ్చి "ఇంకా ఎంతసేపు?" అని కోపం చేశారు. ఇంకో సెట్టు లేదు. నేను మళ్లీ పెట్టి ఇంకో పది నిమిషాలు తిప్పి తీసేశాను. రిజిస్టర్లో 20 అని రాసి సంతకం పెట్టాను. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి పోయారు. నాకు మాత్రం ఆ 20 అన్న అంకె ఇప్పటికీ నిద్రలో కనపడుతుంది. ఆ రాత్రి ఇంకో సెట్టు బీరువాలో ఉండి ఉంటే, లేదా "ఇది ఇంకా కాలేదు సార్" అంటే తిట్టరన్న ధైర్యం నాకు ఉండి ఉంటే, ఆ అబద్ధం రాసేదాన్ని కాదు.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో జరిగింది మీరెవరూ మరిచిపోయి ఉండరు. ఒక్కరోజు క్యాంపులో 34 మంది ఆడవాళ్లకు డీపీఎల్ అనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేల్చారు. సాగర్ రోడ్డు మీద ఆ ఊరు దాటుకునే మా దేవరకొండ వైపు వాళ్లు హైదరాబాద్ పోయి వస్తుంటారు. బస్సు ఆ ఊర్లో ఆగినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. అక్కడ ఎవరు ఏ తప్పు చేశారన్నది నేను చెప్పేది కాదు. లెక్క మాత్రం చెబుతాను. ల్యాప్రోస్కోపు, అంటే చిన్న రంధ్రం గుండా పొట్టలోకి చూసే గొట్టం, లాంటి సున్నితమైన పనిముట్లు క్యాంపుల్లో ఎక్కువగా 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక మందులో వేస్తారు. అందులో కనీసం 20 నిమిషాలు మునిగి ఉండాలి, అదీ ముందు కడిగి, తుడిచి, ఆరిన తర్వాత. పూర్తిగా స్టెరైల్, అంటే ఒక్క క్రిమీ మిగలకుండా, కావాలంటే 10 గంటలు పడుతుంది. కడగడం, నానడం, మళ్లీ స్టెరైల్ నీళ్లతో కడగడం అన్నీ కలిపితే అరగంట. ఆపరేషన్‌కు ఒక పది నిమిషాలు వేసుకోండి. అంటే ఒక స్కోపు మళ్లీ చేతికి రావాలంటే 40 నిమిషాలు. ఆరు గంటలు ఆగకుండా పనిచేసినా ఒక స్కోపుతో 9 మందికి, రెండు స్కోపులతో 18 మందికి చేయగలరు. క్యాంపుకు ఎంతమందిని పిలవాలో టార్గెట్ చెప్పకూడదు, మీ దగ్గర స్కోపులు ఎన్ని ఉన్నాయో అవి చెప్పాలి. తెల్లవారుజామునే ఆటోల్లో వచ్చి, పస్తుండి, చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునే ఆ ఆడవాళ్లలో ఎక్కువమంది కూలి పని చేసుకునేవాళ్లే. స్కోపు ఎంతసేపు నానిందని వాళ్లు అడగలేరు. వాళ్ల తరఫున మీరే అడగాలి.

ఆ గ్లూటరాల్డిహైడ్ ట్రేకు కూడా ఒక ఆయుష్షు ఉంటుంది. యాక్టివేట్ చేసిన తర్వాత సాధారణంగా 14 రోజులు. వాడకం ఎక్కువుంటే అంతకన్నా ముందే పలచబడుతుంది. కలిపిన తేదీ రాసి ఉన్న ట్రేలు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. డ్రెస్సింగ్ రూముల్లో చీటిల్ ఫోర్సెప్స్, అంటే శుభ్రమైన వస్తువులను చెయ్యి తగలకుండా తీసే పొడుగాటి పట్టకారు, నిలబెట్టే సీసా ఇంకా ఘోరం. అడుగున మడ్డి కనపడుతూనే ఉంటుంది, పైన ఇంకాస్త సావ్‌లాన్ పోస్తారు. సూడోమోనాస్ లాంటి క్రిములు పలచని సావ్‌లాన్‌లో హాయిగా పెరుగుతాయి. మనం శుభ్రమనుకుని ముంచుతున్నది ఆ నీళ్లలోనే. ఆక్సిజన్ సిలిండర్‌కు ఉండే హ్యూమిడిఫయర్, అంటే గాలికి తేమ పట్టించే నీళ్ల సీసా కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నీళ్లు నిలిచిన గీత దగ్గర తెల్లగా పెచ్చు కట్టి ఉంటే అందులో నల్లా నీళ్లు పోసినట్టే. ఆ నీళ్ల గుండా వచ్చే గాలినే ఆయాసంతో ఉన్న ముసలాయన పీలుస్తున్నాడు.

సర్కారు దవాఖానల శుభ్రతకు మార్కులు వేసే కాయకల్ప్ పరిశీలనకు టీమ్ వస్తుందంటే ముందురోజు ఆసుపత్రి అద్దంలా మెరుస్తుంది. మంచిదే. 2015 నుంచి ఆ కార్యక్రమం వల్ల మన దవాఖానల నేలలు, బాత్రూములు నిజంగా బాగుపడ్డాయి. ఆ టీమ్ చెక్‌లిస్టు చూసుకుని పోయేలోపు, మీరు మాత్రం కడిగే గదిలో పనిచేసే మనిషిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. చాలాచోట్ల ఆ మనిషి కాంట్రాక్టు కింద ఉంటుంది. జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. ఎల్లుండి ఆమెను పీకేసి ఇంకొకరిని పెడతారు, ఆ కొత్త మనిషికి ఎవరూ ఏమీ నేర్పరు. చేతులకు ఆపరేషన్ గ్లోవ్సే, అవీ చిరిగినవి. ఆ గ్లోవ్స్‌తో కత్తుల మధ్యలో చెయ్యి పెట్టాలి. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లోవ్స్, కళ్లజోడు, ప్లాస్టిక్ ఏప్రాన్, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు. ఇవి ఇవ్వకుండా ఆమెను ఆ తొట్టి దగ్గర నిలబెట్టడం తప్పు. నాతో పనిచేసిన ఒకామె వేలికి సూది గుచ్చుకుంటే ఇంట్లో చెప్పుకోలేక, రిపోర్టు వచ్చేదాకా ఆరు నెలలు భర్తతో అబద్ధాలాడుకుంటూ బతికింది.

ఆ మనిషికి ఒక్క అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. "ఇది ఇంకా కాలేదు" అని ఆమె అంటే సర్జన్ అయినా ఆగాలి. ఎమర్జెన్సీకి బీరువాలో ఎప్పుడూ రెండు సెట్లు ఎక్కువ ఉండాలి. ప్యాకులోంచి తీసిన స్ట్రిప్‌ను ఆ పేషెంటు కేస్‌షీటుకు అతికించాలి. మా చెల్లె బిడ్డ కేస్‌షీటు నేను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరగేశాను. ఏ మందు ఏ టైముకు ఇచ్చారో నిమిషాలతో సహా ఉంది. ఆమె పొట్ట కోసిన పనిముట్ల గురించి ఒక్క ముక్క లేదు. బంధువులు అడిగితే ఆటోక్లేవ్ రిజిస్టరు చూపించాలి. చూపించాల్సి వస్తుందని తెలిస్తే రాసే చెయ్యి జాగ్రత్తగా రాస్తుంది, ఇది నా అనుభవం.

మా పిల్ల ఇప్పుడు బాగుంది. పుండు మానడానికి 19 రోజులు పట్టింది. ఆ రోజులన్నీ పక్కకు ఒత్తిగిలి పాలివ్వాలన్నా ఏడ్చేది. ఆ డ్రెస్సింగ్ చేసిన అమ్మాయి ఆఖరి రోజు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, కీలు ఎట్ల తోమాలో చూపిస్తరా" అని అడిగింది. ఇద్దరం తొట్టి దగ్గర నిలబడ్డాం. ఒక గంటలో నేర్చుకుంది. అడిగితే చెప్పేవాళ్లు లేక ఇన్నాళ్లు అట్లా చేసింది, అంతే.

మా తరం రిటైరైన థియేటర్ సిస్టర్లు ప్రతి ఊర్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. దేవరకొండలో, మిర్యాలగూడలో, కల్వకుర్తిలో, గద్వాలలో నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. మమ్మల్ని పిలవండి. జీతం అడగం. శనివారాలు పొద్దున ఆపరేషన్లు మొదలుకాకముందు రెండు గంటలు మీ కడిగే గది మాకు ఇవ్వండి. నల్లాలో నీళ్లు రానివ్వండి, చాలు. బ్రష్షులు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ సిస్టర్,
నల్లగొండ